ఏడవ తరగతి సామాన్యశాస్త్రపు ప్రశ్నపత్రము



ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో చదువుకొను మన బాలబాలికలకు జీవశాస్త్రమునందును భౌతికశాస్త్రమునందును గల ప్రాథమిక పరిజ్ఞానమును పరీక్షించుట యెట్లు అను విషయమును గూర్చి ఈ పూట ముచ్చటింపదలచితిని. ఇందు ముచ్చటింపదగినదేమున్నది, ప్రశ్నపత్రములు పంచి, గంట కొట్టిన పిమ్మట జవాబుపత్రములు దండుకొని, ఎఱ్ఱసిరాతో దిద్ది, మార్కులు రిజిస్టరులో ఎక్కించినచో పరీక్ష ముగిసినట్లే గదా యని ఎవరైనను అనవచ్చును. పరీక్ష ముగియుట నిజమే. కాని పిల్లవానికి తెలిసినదేమో, తెలియనిదేమో, తెలిసినదని వాడు భ్రమపడుచున్నదేమో, ఆ మూడును మనకు ఆ దిద్దుబాటువలన తెలియవచ్చుచున్నవా యను సందేహము మాత్రము, ఏండ్ల తరబడి ఆ కాగితముల కట్టలు విప్పినవారికి కలుగక మానదు.

ఏడవ తరగతి పిల్లనెవరినైనను లేపి, కిరణజన్య సంయోగక్రియ యనగానేమి యని అడుగుడు. ఆకుపచ్చని మొక్కలు సూర్యకాంతి సమక్షమున, పత్రహరితము సాయముతో, నీటిని కార్బన్ డయాక్సైడును ఉపయోగించుకొని ఆహారము తయారుచేసికొను ప్రక్రియ యని గుక్క తిప్పుకొనకుండ అప్పజెప్పును. సమీకరణము వ్రాయుమన్నను బాణపుగుర్తుతో సహా వ్రాసి చూపును. మన ప్రశ్నపత్రముల లెక్కలో ఆ పిల్లకు విషయము వచ్చినట్లే. ఆ పిల్లనే బయటికి పిలుచుకొనిపోయి, బడి ఆవరణలోని చింతమానును చూపి మాట కలిపినచో కథ వేఱుగా నడచును. అట్టి సంభాషణ యొకటి నేను విన్నదానిని విన్నట్లే చెప్పెదను.

"ఈ మాను ఎంత బరువుంటుందమ్మా?"

"చాలా ఉంటుంది సార్. కొట్టేస్తే లారీ కావాలి."

"మరి చింతగింజ అంత నుంచి ఇంత మాను అయిందిగా. ఈ బరువంతా ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మట్టిలోంచి సార్. వేళ్ళు పీల్చుకుంటాయిగా."

"అంత మట్టి చెట్టులోకి పోతే, చెట్టు కింద గొయ్యి పడాలి కదా?"

పిల్ల కాసేపు మొదలువంక చూచి, "నీళ్ళు కూడా తాగుతుంది కదండీ," అన్నది.

"సరే, నీళ్ళు. ఇంకేదైనా? గాలిలోంచి ఏమైనా వచ్చి ఉంటుందా?"

"గాలికి బరువెక్కడిది సార్!" అని ఆ పిల్ల నవ్వినది, వెనుక నిలిచినవారందఱును నవ్విరి.

గాలికి బరువు కలదనియు, అది స్థలమును ఆక్రమించుననియు వ్రాసి ఆ పిల్లలే అంతకుముందు పరీక్షలో మార్కులు తెచ్చుకొనియున్నారు. సంయోగక్రియ సమీకరణములో ఎడమప్రక్కన కార్బన్ డయాక్సైడును తమ చేతితోనే వ్రాసియున్నారు. ఆ వ్రాత యొక గదిలోను, ఈ చెట్టు మఱియొక గదిలోను ఉన్నవి. నడుమ తలుపు లేదు.

వీరిని చూచి మనము నవ్వుట న్యాయము కాదు. ఈ ప్రశ్ననే వేసికొని ఐదేండ్లు వేచియుండిన మహానుభావుడొకడు 17వ శతాబ్దమున బ్రస్సెల్సు ప్రాంతమున ఉండెను. వాన్ హెల్మాంట్ అను ఆ వైద్యుడు, పొయ్యిలో ఎండబెట్టిన మట్టిని 200 పౌనులు తూచి తొట్టిలో పోసి, అందులో ఐదు పౌనుల విల్లో కొమ్మను నాటి, దుమ్ము పడకుండ తొట్టికి రంధ్రములుగల రేకుమూత వేసి, వాననీరో శుద్ధజలమో తప్ప మఱేమియు పోయక పెంచెను. ఐదేండ్ల తరువాత చెట్టు 169 పౌనుల పైచిలుకు తూగినది. మట్టిని మరల ఎండబెట్టి తూచగా తగ్గినది రెండు ఔన్సులు మాత్రమే. మట్టినుండి రాలేదని ఇంత చక్కగా నిరూపించిన ఆయన, అయినచో ఆ బరువంతయు నీరే యని తేల్చెను. ఆయన మరణానంతరము 1648లో ఈ వృత్తాంతము అచ్చయినది. గాలిలోని ఒక అంశము చెట్టులో చేరుచున్నదని తెలియుటకు, ప్రీస్ట్లీ పుదీనాకొమ్మను క్రొవ్వొత్తి ఆరిన గాలిలో ఉంచి చూచిన 1771వ సంవత్సరము, ఇంగెన్‌హౌజ్ ఎండయొక్క అవసరమును కనిపెట్టిన 1779వ సంవత్సరము, ఆ పిమ్మట మఱికొన్ని దశాబ్దములు గడువవలసి వచ్చినది. పదివేల పాళ్ళ గాలిలో సుమారు నాలుగు పాళ్ళు మాత్రమే గల ఒక వాయువునుండి ఇంత చేవగల మాను తయారగుట నమ్మశక్యము కాని మాటయే. అట్టిచో పండ్రెండేండ్ల పిల్ల మట్టి యనుట మందబుద్ధివలన కాదు, కన్నులతో చూచినదానినిబట్టి ఆలోచించుటవలననే. మన ప్రశ్న ఆ ఆలోచనను తాకలేదు. నిర్వచనమును మాత్రము తాకి వెనుకకు వచ్చినది.

పిల్లలు బడికి ఖాళీతలలతో రారు. నిప్పునుగూర్చి, గాలినిగూర్చి, బరువునుగూర్చి, ప్రాణమునుగూర్చి వారికి స్వంత సిద్ధాంతములుండును. అవి ఇంటిలోను వీథిలోను పొలములోను వారికి పనికివచ్చుచునే యుండును గనుక గట్టిగా పాతుకొనియుండును. ఇంగ్లండులోని లీడ్సు విశ్వవిద్యాలయమున రోజలిండ్ డ్రైవర్ అను విదుషియు, న్యూజీలండులోని వైకాటో విశ్వవిద్యాలయమున రోజర్ ఆస్‌బర్న్ ప్రభృతులును, సుమారు 1980 ప్రాంతమున ఈ సిద్ధాంతములను ఓపికతో సేకరింప మొదలిడిరి. వారు పిల్లలకు మార్కులు వేయలేదు. ఎదుట కూర్చుండి అడిగిరి, చెప్పినది వ్రాసికొనిరి. బ్యాటరీ రెండు కొసలనుండియు కరెంటు బయలుదేరి, బల్బులో ఢీకొని వెలుగగునని పిల్లలు చెప్పుట న్యూజీలండులో వినబడినది. ఒక తీగలో వచ్చిన కరెంటులో కొంత బల్బు తినివేయగా మిగిలినది మాత్రమే రెండవ తీగలో తిరిగిపోవునని చెప్పినవారును ఉండిరి. ఈ మాటలు మన బడులలోను వినబడును. అడుగవలెను, అంతే.

అడుగుటకు కావలసిన సామగ్రియు స్వల్పము. ఒక టార్చి సెల్లు, ఒక చిన్న బల్బు, జానెడు రాగితీగ. తీగ ఒక్కటే, రెండు కాదు. వీనితో బల్బు వెలిగింపుమని పిల్లవాని చేతికిచ్చి మాటాడక చూచుచుండుడు. తొంబదిపాళ్ళు వాడు తీగ నొక కొసను సెల్లు తలమీది టోపీకిని, రెండవ కొసను బల్బు అడుగుననున్న సీసపుచుక్కకును తాకించి, వెలుగకపోగా బల్బు పోయినదనును. వేఱొక బల్బు ఇచ్చినచో సెల్లు అయిపోయినదనును. బల్బునకు కరెంటు లోనికి పోవు తావొకటి, వెలుపలికి వచ్చు తావొకటి యుండవలెననియు, ఆ రెండవతావు ప్రక్కనున్న లోహపు తొడుగేయనియు వానికి తోచినపుడు, బల్బు చుక్కను సెల్లు టోపీమీద నిలిపి, తీగతో సెల్లు అడుగునుండి తొడుగునకు దారి చూపును. దీపము వెలుగును. వాని పుస్తకములో వలయపు పటము చక్కగా గీయబడి, భాగములు గుర్తింపబడి, దానిప్రక్క ఎఱ్ఱసిరాతో మంచిది అని వ్రాయబడియుండవచ్చును. ఆ పటమునకును వాని చేతిలోని తీగకును పరిచయము కలిగినది ఆ క్షణమునందే.

అమెరికాలో మహాప్రఖ్యాతమైన మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో స్నాతకోత్సవపు నల్లగౌనులతో నిలిచిన పట్టభద్రుల చేతికే ఈ సెల్లును, ఈ బల్బును, ఈ ఒక్కతీగను ఇచ్చి చిత్రము తీసిరి. 1997లో వెలువడిన ఆ చిత్రములో వారిలో కొందఱు తడబడుట కనబడును. చెట్టు బరువు ఎక్కడిదను మన చింతమాను ప్రశ్నయు అందులో నున్నది. అంతకు పదేండ్లముందు, 1987లో, హార్వర్డు విశ్వవిద్యాలయమున 23 మందిని వేసవి, చలికాలము ఎందుకు వచ్చుననియో చంద్రకళలు ఎందుకు మాఱుననియో అడుగగా 21 మంది తప్పు చెప్పిరి. సూర్యునికి భూమి దగ్గఱపడుటచే వేసవి వచ్చునని వారి భావము. సూర్యునికి భూమి మిక్కిలి చేరువగా నుండునది జనవరి మొదటివారమున, అనగా మనము సంక్రాంతికి ముందు భోగిపిడకలు సిద్ధము చేసికొనుచు చలికి ముడుచుకొని కూర్చుండు దినములలోనే. ఈ పట్టభద్రులందఱును చిన్ననాట ఈ పాఠములను చదివి, పరీక్షలు వ్రాసి, ఉత్తీర్ణులైనవారే యని వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇక మన ప్రశ్నపత్రమునకు వత్తము. ఖాళీలు పూరింపుము, జతపరచుము, తేడాలు వ్రాయుము, పటము గీచి భాగములు గుర్తింపుము, బిట్లు. ఇవన్నియు పనికిమాలినవని నేననను. గుండె పటము గీచిన చేతికి గుండె కొంత తెలియును. బిట్లను గూర్చి మాత్రము ఒక మాట. కిరణజన్య సంయోగక్రియలో వెలువడు వాయువేది యని అడిగి, ఆక్సిజన్, హీలియం, క్లోరిన్, నియాన్ అని నాలుగు జవాబులు క్రింద వ్రాసినచో, హీలియము పేరు వినని పిల్లవాడు కూడ విన్న పేరును గుర్తుపెట్టి మార్కు తీసికొనును. పిల్లవాని మనస్సులో నిజముగా మెదలుచున్న తప్పు ఆ నాలుగింటిలో నొకటిగా నున్నపుడే బిట్టునకు ప్రయోజనము. మొక్కలు శ్వాసించునది ఎప్పుడు, పగలు మాత్రమేనా, రాత్రి మాత్రమేనా, రేయింబవళ్ళా, అసలు శ్వాసింపవా యని అడిగిచూడుడు. రాత్రివేళ చెట్టుక్రింద పండుకొనరాదని ఇంట విని, మొక్కలు రాత్రి కార్బన్ డయాక్సైడు వదలునని బడిలో విని, ఈ రెంటిని కలుపుకొన్న పిల్లలు గుంపుగా పోయి 'రాత్రి మాత్రమే' అను జవాబుమీద వ్రాలుదురు. ఆ గుంపును చూచిన ఉపాధ్యాయునికి మఱునాడు చెప్పవలసిన పాఠము దొరకినది.

ఇది నా ఊహ కాదు. ఫిలిప్ శాడ్లరు అను హార్వర్డు పరిశోధకుడును ఆయన సహచరులును అమెరికాలోని ఏడు, ఎనిమిది తరగతుల భౌతికశాస్త్రోపాధ్యాయులను 181 మందిని, వారి విద్యార్థులను తొమ్మిదివేలకు పైబడినవారిని పరీక్షించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఆ పరీక్షలో విద్యార్థులకిచ్చిన ప్రశ్నలనే ఉపాధ్యాయులకును ఇచ్చి, రెండు పనులు చేయుమనిరి: సరియైన జవాబు గుర్తించుట యొకటి, మీ పిల్లలు ఎక్కువమంది గుర్తించు తప్పు జవాబేదో చెప్పుట రెండవది. సరియైన జవాబు మాత్రమే ఎఱిగినవారికంటె, ఆ తప్పును కూడ ముందుగా చెప్పగలిగినవారి తరగతులలోనే పిల్లలు ఎక్కువ నేర్చిరని తేలినది. విషయజ్ఞానము చాలదు, పిల్లల తప్పుల జ్ఞానము కూడ కావలెనన్నమాట. మన ఉపాధ్యాయశిక్షణలో ఈ రెండవ జ్ఞానమునకు పీట వేసినవారు అరుదు.

తప్పులను వెలికిదీయు ప్రశ్నను కూర్చుటకు అమెరికా పోనక్కఱలేదు, గోదావరి గట్టునో నిజామాబాదు చెఱువుక్రిందనో నిలిచి కూర్చవచ్చును. నారు పోయదలచిన రైతు వడ్లను ఒక రాత్రి ఒక పగలు నానబెట్టి, నీరు ఓడ్చి, గోనెసంచులలో పోసి మూతికట్టి, పైన గడ్డియో మఱికొన్ని గోనెలో కప్పి, గాదె ప్రక్కను చీకటిలో ఉంచును. దీనిని మండె కట్టుట యందురు. మఱునాటికో రెండవనాటికో మండె విప్పి చేయి లోనికి జొనిపినచో వెచ్చగా తగులును, తెల్లని మొలకలు వ్రేళ్ళకు చుట్టుకొనును, ఒక వింత తీపివాసన కొట్టును. రైతుబిడ్డలకు ఈ చీకటియు ఈ వెచ్చదనమును తెలిసినవే. వారినే తరగతిలో విత్తనములు మొలకెత్తుటకు కావలసినవేవి యని అడిగినచో గాలి, నీరు, సూర్యరశ్మి అని వ్రాయువారెందఱో! చేతితో తెలిసికొన్నది కలమువఱకు రాలేదు. అందుచేత ప్రశ్నను మార్చి, మండెకట్టిన వడ్లు చీకటిలో మొలకెత్తుట కద్దా లేదా, కద్దన్నచో ఎండయొక్క పని యేమి యని అడుగవలెను. ఎండ కావలసినది మొలక పచ్చబడి స్వంతముగా వంట మొదలుపెట్టిన పిమ్మటనే. అంతవఱకు గింజలోని నిలువ పదార్థమే దానికి భోజనమని తెలిసిన పిల్ల తన మాటలలో తాను చెప్పగలదు.

ఆ గోనెసంచిని అంతటితో వదలక, దానినే భౌతికశాస్త్రమునకును వాడుకొనవచ్చును. వేసవిలో సోడాబండివాడు మంచుదిమ్మను దేనిలో దాచును? ఊకలోనో రంపపుపొట్టులోనో పొదిగి, పైన గోనె చుట్టును. ఇపుడు ఎనిమిదవ తరగతి వారిని ఇట్లు అడుగుడు: "ఒకే రకము గోనె రెండు ఉన్నవి. ఒకదానిని మండెపైని కప్పిరి, లోపల వెచ్చగానున్నది. రెండవదానిని మంచుదిమ్మకు చుట్టిరి, లోపల చల్లగానే యున్నది. గోనె వేడిచేయునా, చల్లబఱచునా? నీ సమాధానమునకు కారణము చెప్పుము." గోనె, కంబళి మొదలైనవి వేడి వస్తువులని నమ్మిన పిల్లకు మంచుదిమ్మ అడ్డువచ్చును, చల్లని వస్తువులని నమ్మినవానికి మండె అడ్డువచ్చును. గోనె తానుగా ఏదియు చేయదు, లోపలి వేడిని బయటికి గాని బయటి వేడిని లోపలికి గాని చప్పున పోనీయదను తలంపునకు రాక గత్యంతరము లేదు. ఆపైన ఇంకొక మెట్టు: గోనె వేడి పుట్టింపదు గదా, మండెలోని వెచ్చదనము ఎక్కడిది? గింజలు ఊపిరి పీల్చుచున్నవి. వానిలోని ఆహారము కరగుచు శక్తిని విడుచుచున్నది. దానిలో కొంత వేడిగా వెలువడుచున్నది. భౌతికశాస్త్రమని మొదలుపెట్టిన ప్రశ్న జీవశాస్త్రమున తేలినది. ఎనిమిదవ తరగతినుండి ఈ రెండు శాస్త్రములకు రెండు పుస్తకములు, ఇద్దఱు ఉపాధ్యాయులు, రెండు పీరియడ్లు ఏర్పఱచితిమి. మండె మాత్రము ఆ విభజనను ఎఱుగదు.

చేయుటకు వీలుపడని ఆదర్శములివి యని పెదవి విఱుచువారికొఱకు హోషంగాబాదు సంగతి చెప్పవలసియున్నది. ఇటీవల నర్మదాపురమని పేరు మాఱిన ఆ మధ్యప్రదేశ్ జిల్లాలో 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో ఒక ప్రయత్నము మొదలైనది. బొంబాయిలోని టాటా సంస్థలో పరిశోధన విడిచి పల్లెకు వచ్చిన అనిల్ సద్గోపాల్ స్థాపించిన కిశోర్ భారతియు, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటరును దానికి పూనుకొనగా, టాటా సంస్థ శాస్త్రజ్ఞులును ఢిల్లీ విశ్వవిద్యాలయపు ఆచార్యులును చేయి కలిపిరి. 1978 నాటికి జిల్లాయంతటను ప్రభుత్వ పాఠశాలలలో అది అమలయినది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ భారమును తలకెత్తుకొన్నది. పిల్లలు నలుగురేసి కూర్చుండి ప్రయోగములు చేయుట, చేసినది వ్రాసికొనుట, దానిమీద వాదించుకొనుట, ఇదియే అక్కడి పాఠము. బాల వైజ్ఞానిక్ అను వారి పుస్తకములో ప్రశ్నలుండెడివి, చేయవలసిన పనులుండెడివి; జవాబులు మాత్రముండెడివి కావు. అగ్గిపుల్లలను సైకిలు వాల్వుట్యూబు ముక్కలతో కలిపి ఆకృతులు కట్టు ఆట నేడు దేశమంతట ప్రసిద్ధము. అరవింద్ గుప్తా దానిని రూపొందించినది అక్కడనే.

ఇట్టి పాఠమునకు పాత పరీక్ష పొసగదు గదా! జవాబులు లేని పుస్తకమును చదివిన పిల్లను నిర్వచనములు వ్రాయుమన్నచో, మఱుసటి సంవత్సరమే ఊరిలోని గైడ్లకొట్టు కళకళలాడి, ప్రయోగపుపెట్టెకు తాళము పడియుండెడిది. ఈ సూక్ష్మమును అక్కడివారు మొదటనే గ్రహించిరి. ఎనిమిదవ తరగతి చివర జరుగు బోర్డు పరీక్షలోనే వారు విజ్ఞానశాస్త్రమునకు వేఱుపద్ధతి పెట్టించుకొనిరి. పుస్తకమును, తాను స్వయముగా వ్రాసికొన్న ప్రయోగపు నోటును పిల్లవాడు పరీక్షగదిలోనికి తీసికొనిపోవచ్చును, చూడవచ్చును. దానితోపాటు చేతిపరీక్షయు నుండెడిది: సామాను ముందుంచుదురు, పని చేసి చూపవలెను. ప్రశ్నలను ఉపాధ్యాయులే కలిసి కూర్చుండి, కొట్లాడుకొని, క్రొత్తగా తయారుచేసెడివారు. పుస్తకము తెఱచియుండగా కాపీయను నేరమే రూపుమాసినది. పుస్తకము చూచి వ్రాయగల ప్రశ్న అడుగుటవలన ఫలము లేదు గనుక, ప్రశ్నలు కూర్చువాడే పరీక్షకు కూర్చున్నట్లయినది. కంఠస్థము వచ్చిన పిల్లకు అక్కడ ప్రత్యేకమైన పైచేయి లేదు. తూచుట, కొలుచుట, ఆకులను ఈనెలనుబట్టి వేఱుచేయుట, ఎదుటనున్న అంకెల పట్టికనుండి ఒక సంగతి లాగుట వచ్చిన పిల్లదే పైచేయి.

మూడు దశాబ్దములు సాగి, పదునైదు జిల్లాలకు వ్యాపించిన పిమ్మట 2002లో ఆ రాష్ట్రప్రభుత్వము ఈ కార్యక్రమమును ఆపివేసినది. ముప్పది యేండ్లు సర్కారు బడులలో, జీతపురాళ్ళతో బ్రతుకు సామాన్యోపాధ్యాయులచేత నడిచిన పనిని అసాధ్యమని మాత్రము ఎవరును అనజాలరు.

మన తెలుగునాట కాగితముమీద లోపము లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము నిరంతర సమగ్ర మూల్యాంకనమును కోరగా, తదనంతరము వచ్చిన మన సామాన్యశాస్త్ర పుస్తకములలో విషయావగాహన మొదలుకొని ప్రశ్నించుట, ప్రయోగములు, సమాచార నైపుణ్యములు, బొమ్మలు గీయుట, అభినందన, నిత్యజీవిత వినియోగమువఱకు ఏడు విద్యాప్రమాణములను లిఖించిరి. నిర్మాణాత్మక మూల్యాంకనములో లఘుపరీక్షతోపాటు పిల్లల పాల్గొనుట, వ్రాతపని, ప్రాజెక్టు అనువానికి మార్కులు పెట్టిరి. ఆ ప్రమాణములను చదివినపుడు, వ్రాసినవారికి పిల్లలు తెలియుదురని ఒప్పుకొనక తప్పదు. జరిగినదేమనగా, 'పరికల్పన చేయుము' అను శీర్షికక్రింద రావలసిన ప్రశ్నలకు కూడ జవాబులు గైడ్లలో వెలసినవి. ఈ శాస్త్రజ్ఞుని కలిసినచో నీవేమి ప్రశ్నలు అడుగుదువు అను ప్రశ్నకు, పిల్ల అడుగవలసిన ఐదు ప్రశ్నలను గైడే అచ్చువేసి ఇచ్చుచున్నది! ప్రాజెక్టులను ఇంటర్నెట్టు దుకాణమువాడు రంగులతో ముద్రించి, స్పైరలు బైండింగుతో అమ్ముచున్నాడు. ఒక్కొక్క తరగతిలో ముప్పది ప్రాజెక్టులకు ఒకే ఉపసంహారము, ఒకే అక్షరదోషము. మఱియొకవైపు, ఆరవ తరగతినుండియే ఐఐటి ఫౌండేషను పేరిట సూత్రములలో అంకెలు ప్రతిక్షేపించు విద్యను కొన్ని ప్రైవేటు బడులు నేర్పుచున్నవి. బలము ద్రవ్యరాశి త్వరణముల లబ్ధమని ఆ పిల్లలు చిటికెలో లెక్కచేయుదురు. పైకి విసరిన బంతి మీదికి పోవుచుండగా దానిపై పనిచేయు బలమేదియని అడిగినచో, గాలి తాకిడి నటుంచి, చేయి ఇచ్చిన బలము బంతిలో ఇంకను ఉన్నదందురు. 14వ శతాబ్దమున పారిసులో బురిడాన్ పండితుడు చెప్పినదానికి అది దగ్గఱగా నుండును. బంతి చేయి విడిచినపుడే చేతిబలము ముగిసినది, భూమి లాగుటయొక్కటే మిగిలినది యను తెలివి సూత్రమునుండి రాదు.

ఉపాధ్యాయులు చెప్పుకొను కష్టములు కల్లలు కావు. ఏబదిమంది తరగతిలో ఒక్కొక్కరితో చెట్టుక్రింద మాటాడుట పొసగదు. అందుకనియే నేను పెద్దమార్పులు కోరుట లేదు. లఘుపరీక్షలో నున్న ప్రశ్నలలో ఒక్కదానిని మండె ప్రశ్నవంటిదానిగా మార్చుట, ఒక్క బిట్టులోని మూడు తప్పు జవాబులను పిల్లల నోటినుండి ఏరి వ్రాయుట, సంవత్సరమున కొకసారియైనను సెల్లును బల్బును తీగను బల్లలమీద త్రిప్పుట, ఈ మాత్రమునకు ప్రభుత్వోత్తరువు అక్కఱలేదు. జన విజ్ఞాన వేదికవారి చెకుముకి పత్రికను తిరుగవేసినను ఇట్టి ప్రశ్నలకు ముడిసరుకు దొరకును.

చిక్కంతయు మార్కులు వేయునపుడు వచ్చును. మండె ఎందుకు వెచ్చగానున్నదను ప్రశ్నకు మూడు మార్కులనుకొందము. ఒక పిల్ల, "విత్తనములు శ్వాసక్రియ జరుపును, శక్తి విడుదలగును" అని పుస్తకములోని మాటలతో వ్రాసినది. ఇంకొక పిల్ల ఇట్లు వ్రాసినది: "గోనె వల్ల అనుకున్నాను. కానీ మా ఇంట్లో ఉత్త గోనెసంచులు చల్లగానే ఉంటాయి. తడిపిన వడ్లు ఇంకా చల్లగా ఉంటాయి. మరి వేడి గింజల్లోంచే రావాలి. మొలకొచ్చేటప్పుడు గింజలో ఏదో జరుగుతుంది." శ్వాసక్రియ యను పదము ఈ జవాబులో లేదు గనుక సూచికనుబట్టి సున్న వేయవలెనని నా మిత్రుడగు ఒక ప్రధానోపాధ్యాయుని వాదము, పదములను నేర్పుట కూడ మన పనియే గదా యని ఆయన అనును, అందులో న్యాయమున్నది. మూడింటికి రెండు వేసి, ఆ 'ఏదో' క్రింద గీత గీచి, దాని పేరు ప్రక్కన వ్రాసి ఇత్తునని నా పట్టు. మొదటి పిల్లకు మూడును వేయుదును. కాని తరగతిలో మఱునాడు ముందుగా లేపి మాటాడించునది ఆ మొదటి పిల్లనే. ఈ విషయమున మాకింకను రాజీ కుదురలేదు.